ఆకు రాలిన టేకడవికి నికాన్ ఆక్యులాన్ ఏ211 8×42 బైనాక్యులర్ పనికొస్తుందా?

ఫిబ్రవరి దాటేసరికి కవ్వాల్ అభయారణ్యంలో టేకు ఆకు రాలిపోతుంది, కుంటలు అడుగంటుతాయి, కణుజులూ మనుబోతులూ మిగిలిన నీళ్ల దగ్గరికి చేరతాయి. చూడాలనుకునేవాళ్లకు అదే అదను. దానికని బైనాక్యులర్ రివ్యూలు వెతికితే అమెరికాలో ఎల్క్ అనే పెద్ద జింకల వేటకు పోయేవాళ్ల సలహాలు బోలెడు తగులుతాయి. వాళ్లు రాకీ కొండల్లో మంచు పరుచుకున్న వాలుకు ఎదురుగా కూర్చుని కిలోమీటర్ల దూరం గాలిస్తారు కాబట్టి 10×, 12×, అంటే పది, పన్నెండు రెట్లు పెద్దగా చూపేవి కొనమంటారు. మన దగ్గర వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, చూడటం వరకే. ఆ చూపు కూడా మోళ్ల మధ్య నుంచి వంద, నూటయాభై మీటర్లు పోతే గొప్ప.

అంత దగ్గర్లో కావాల్సింది పెద్దగా చూపడం కాదు, వెడల్పుగా చూపడం. ఈ 8×42లో వంద మీటర్ల దూరాన 14 మీటర్ల మేర కనిపిస్తుంది. ఇదే రకంలో 10×50 తీసుకుంటే 11 మీటర్ల చిల్లరే. చెట్ల సందున కదిలిన చెవిని పట్టుకోవడానికి ఆ తేడా చాలు. పైగా 10×లో చేతి వణుకు కూడా పెరిగి కనిపిస్తుంది. జీపు ఇంజన్ ఆగకపోతే 8× అయినా వృథానే, ముందు డ్రైవరన్నకు ఆపమని చెప్పాలి.

కణుజు బయటికొచ్చేది పొద్దుగూకే వేళ. 8×42లో 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. దాన్ని 8తో భాగిస్తే 5.25. కంటికి చేరే కాంతి పుంజం అన్ని మిల్లీమీటర్ల వెడల్పు. జేబులో పట్టే 10×25లో అది 2.5 మాత్రమే, ఆరు దాటాక చీకటే. జాతర దుకాణాల్లో ఎర్రటి అద్దాలతో దొరికే '30×60'ల సంగతి సరేసరి, వాటిపై అంకెలను నమ్మొద్దు.

కొనేటప్పుడు దూరంగా ఉన్న కరెంటు తీగను చూడండి. తీగ రెండుగా కనిపించినా, కళ్లు గుంజినట్టనిపించినా అద్దాల వరుస తప్పిందన్నట్టు. అది వెనక్కి ఇచ్చేయాలి. ఫోకస్‌కు ముందు కుడి కన్ను మూసి, మధ్య చక్రంతో ఎడమ కంటికి సరిచేయాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటి దగ్గరి రింగుతో సరిచేయాలి. ఇది చేయకుండా 'మసకగా ఉంది' అనేవాళ్లే ఎక్కువ.

అసలు లోపం వేరే ఉంది. ఇది వాటర్‌ప్రూఫ్ కాదు. వానకాలం తేమ లోపలికి చేరితే అద్దం మీద సాలెగూడులా బూజు పాకుతుంది, పూతను తినేస్తుంది. అప్పుడు విప్పి బాగుచేయించడం దండగ ఖర్చు. బీరువాలో, దానితో వచ్చిన సంచిలో వదిలేయకుండా గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో నీలి సిలికా జెల్ పెట్టి దాచాలి. గుళికలు గులాబీ రంగుకు మారితే సన్న సెగ మీద మళ్లీ నీలమయ్యేదాకా వేడి చేయాలి. వంట మూకుడు మాత్రం వాడొద్దు, ఆ నీలంలో కోబాల్ట్ ఉంటుంది. జీపు దారి దుమ్మును టవల్ కొంగుతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాతే మైక్రోఫైబర్ గుడ్డ.

బరువు 755 గ్రాములు. సన్న పట్టీ మెడ కోస్తుంది, వెడల్పు పట్టీ విడిగా కొనుక్కోవాల్సిందే. అయిదు మీటర్లలోపు ఫోకస్ కుదరదు కాబట్టి సీతాకోకచిలుకల మీద ఆశ పెట్టుకోవద్దు. పాకాల చెరువు పిట్టలకైతే ఢోకా లేదు.

కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు మాత్రం కొనకండి. కన్ను అద్దానికి 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటేనే పూర్తి దృశ్యం కనిపిస్తుంది. కళ్లజోడు అడ్డొస్తే అంచులు కోసుకుపోయి, డబ్బు పెట్టి కొన్న ఆ వెడల్పే పోతుంది. వాళ్లు ఆ దూరం కనీసం 16 మిల్లీమీటర్లు ఉన్న వాటర్‌ప్రూఫ్ 8×42 చూసుకోవాలి, ధర ఎక్కువైనా సరే.