ఎంక్యాట్ కెమ్-ఫిజ్‌కి సెక్షన్ బ్యాంక్: కొనొచ్చు, కానీ ముందే తెరవొద్దు

అమెరికా మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో మొదట రాయాల్సిన సెక్షన్ కెమ్-ఫిజ్, అంటే కెమిస్ట్రీ, ఫిజిక్స్. 95 నిమిషాల్లో 59 ప్రశ్నలు. వాటిలో 44 పది ప్యాసేజీల కింద వస్తాయి, 15 విడి ప్రశ్నలు. పరీక్ష పెట్టే అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీయే అమ్మే సాధన ప్రశ్నల సంకలనం, సెక్షన్ బ్యాంక్ మొదటి సంపుటిలో ఈ సెక్షన్‌కి 100 ప్రశ్నలున్నాయి. కొనాలా అంటే కొనాల్సిందే. ప్రిపరేషన్ మాత్రం దీంతో మొదలుపెట్టకూడదు.

ఇందులో ప్యాసేజీలు అసలు పరీక్షకన్నా ఓ మెట్టు కష్టం. పేరుకు కెమిస్ట్రీ, ఫిజిక్స్ గానీ చాలాచోట్ల కథ ఎంజైముల చుట్టూనే తిరుగుతుంది. సిలబస్‌లోనూ బయోకెమిస్ట్రీ వాటా ఫిజిక్స్‌తో సమానంగా 25 శాతం దాకా ఉంది. దాన్ని పక్కన పెట్టినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ప్యాసేజీలో కె72ఇ అని ఒక మ్యుటేషన్ కనిపించిందనుకోండి. 72వ స్థానంలో లైసిన్ పోయి గ్లుటామిక్ ఆమ్లం వచ్చిందని, పీహెచ్ 7 దగ్గర ఆ చోట ఛార్జి +1 నుంచి -1కి మారిందని చూడగానే తట్టాలి. ప్రశ్నలో ఇదేదీ విడమర్చి చెప్పరు. 20 అమైనో ఆమ్లాల ఒంటి అక్షరాల కోడ్లు, సైడ్ చైన్ల పీకేఏలు (ఆమ్ల బలాన్ని చెప్పే అంకెలు) నోటికి రానిదే ఈ బ్యాంక్ తెరిస్తే డబ్బు దండగ.

కాలిక్యులేటర్ ఇవ్వరు. ఎంసెట్ రాసి అమెరికా వచ్చినవాళ్లకు అది పెద్ద ఇబ్బంది కాదు. కానీ దశాంశాల దాకా లెక్క తేల్చే అలవాటే ఇక్కడ నిమిషాలు మింగేస్తుంది. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం పీహెచ్ ఎంత? వర్గమూలాలు అక్కర్లేదు. పీకేఏ 4.7కి 1 (అంటే -లాగ్ 0.1) కలిపి సగం చేస్తే 2.85. ఆప్షన్లు 1.0, 2.9, 4.7, 6.1 అయితే పని అయిపోయింది. లాగ్ 2 అంటే 0.3, లాగ్ 3 అంటే 0.48 అని గుర్తుంటే చాలావరకు గట్టెక్కొచ్చు. నానోమీటర్లను మీటర్లలోకి మార్చడం మరిచిపోతే వచ్చే తప్పు జవాబు కూడా ఆప్షన్లలో సిద్ధంగానే ఉంటుంది, జాగ్రత్త.

లోపాలూ ఉన్నాయి. వివరణలు మరీ పొడిపొడిగా ఉంటాయి. మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు తప్పో ఒక్కోసారి మనమే తవ్వుకోవాలి. ఆ విషయంలో బొమ్మలతో సహా విప్పి చెప్పే యూవరల్డ్ అనే వేరే కంపెనీ ప్రశ్నల బ్యాంక్ ఎంతో నయం. కటకాలు, సర్క్యూట్లు, ద్రవ ప్రవాహం మీద చేయి తిరగాలంటే ఈ బ్యాంక్ చాలదు. దానికి ఏఏఎంసీదే 120 ప్రశ్నల ఫిజిక్స్ క్వశ్చన్ ప్యాక్ ఉంది. ప్యాసేజీలు పాతకాలం తీరువే అయినా సాధనకు పనికొస్తాయి. కాన్సెప్టే తెలియకపోతే ముందు ఖాన్ అకాడమీ ఉచిత వీడియోలు చూడండి.

పరీక్షకు ఆరు వారాల ముందు తెరవడం సరైన సమయం. మొదటి 50 ప్రశ్నలు టైమర్ లేకుండా చేయండి. తర్వాతి 50కి ప్యాసేజీకి ఎనిమిది నిమిషాలు, విడి ప్రశ్నకు నిమిషం లెక్కన గడియారం పెట్టండి. పోయిన ప్రతి ప్రశ్న పక్కనా విషయం తెలియకా, గ్రాఫ్ తప్పుగా చదివా, లెక్కలోనా అని ఒక్క మాట రాసుకోండి. గ్రాఫుల దగ్గరే ఎక్కువ పోతుంటే ఇంకో పాఠ్యపుస్తకం కొని లాభం లేదు. ఇక్కడ 60 శాతం వచ్చిందని కంగారు పడక్కర్లేదు, ఆ శాతాన్ని అసలు పరీక్షలో ఒక్కో సెక్షన్‌కి ఇచ్చే 118-132 స్కోరులోకి మార్చే లెక్కేదీ లేదు. స్కోరు అంచనా కావాలంటే ఏఏఎంసీ ఫుల్ లెంగ్త్ (పూర్తి నిడివి నమూనా) పరీక్షలే రాయాలి.