రెండు అరల స్టీలు లంచ్ బాక్సు: మన అన్నానికి సరిపోతుందా?

బళ్లు తెరిచే ముందు ఏ స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్లినా ముందు వరసలో ఉండేది ఈ బాక్సే. చదరపు స్టీలు డబ్బా, లోపల ఒక అడ్డుగోడ, మూతకు సిలికాన్ రబ్బరు, నాలుగు వైపులా ప్లాస్టిక్ క్లిప్పులు. 700 నుంచి 850 మి.లీ. దాకా పడుతుంది. కంపెనీ ఏదైనా తయారీ దాదాపు ఒకటే కాబట్టి ఈ మాటలు ఆ రకానికంతటికీ వర్తిస్తాయి. ఇడ్లీ, చపాతీ, పులిహోర, వేపుడు కలిపిన అన్నం పెట్టే ఇంటికి ఇది మంచి కొనుగోలు. చారు, సాంబారు విడిగా పోసి పంపాలనుకుంటే మాత్రం ఇది మీ బాక్సు కాదు.

కారణం అడ్డుగోడలో ఉంది. దాని ఎత్తు సాధారణంగా డబ్బా అంచు కంటే కాస్త తక్కువ. రబ్బరు బయటి అంచునే బిగిస్తుంది, గోడ పైభాగాన్ని కాదు. అట్టపెట్టె మీద 'లీక్ ప్రూఫ్' అని రాశారంటే పుస్తకాలు తడవవని అర్థం, అంతే. బ్యాగు ఒరిగితే కూరలో నీరు పక్క అరలోకి దిగుతుంది. బీట్‌రూట్ రసం తగిలి ఎర్రబడ్డ పెరుగన్నాన్ని చాలామంది పిల్లలు ముట్టుకోరు; ఇంట్లోవాళ్లేమో బీట్‌రూట్ నచ్చలేదనుకుంటారు. విరుగుడు సులువే: 80-100 మి.లీ. పట్టే మరమూత స్టీలు డబ్బీ ఒకటి చిన్న అరలో కూర్చోవాలి. దానితో కలిపి అమ్మే సెట్టు దొరికితే అదే తీసుకోండి. కొనగానే ముప్పాతిక వంతు నీళ్లు పోసి, మూత బిగించి, పాత పేపరు మీద పది నిమిషాలు బోర్లించండి. తడి కనిపిస్తే వెంటనే మార్పించుకోవచ్చు.

కారడం కంటే పెద్ద సమస్య మూత రాకపోవడం. పొగలు కక్కే అన్నం పెట్టి వెంటనే మూసేస్తే లోపలి ఆవిరి చల్లారి నీరవుతుంది, పీడనం తగ్గి మూత లోపలికి పీల్చుకుపోతుంది. నాలుగు క్లిప్పులూ తీసినా ఆరేళ్ల పిల్ల వేళ్లకు అది ఊడదు. ఆ పిల్ల ఎవరినీ అడగకుండా డబ్బా అలాగే ఇంటికి తెస్తుంది. అన్నాన్ని పళ్లెంలో పరిచి ఫ్యాను కింద పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి సర్దితే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది, మూతకు పట్టిన చెమట కారి అన్నం చిత్తడి కావడమూ తగ్గుతుంది. మూత మధ్యలో గాలి వదిలే చిన్న సిలికాన్ బిరడా ఉన్న మోడల్ అయితే ఇంకా నయం. రెండో తరగతి లోపు పిల్లలకు రెండు క్లిప్పులది కొనండి. బడి తెరవడానికి ముందు వారం ఇంట్లోనే ఆ బాక్సులో పెట్టి, తనే తెరిచి, ఇరవై నిమిషాల్లో తిని, తనే మూసేలా అలవాటు చేయండి. మూయడం కూడా నేర్పాలి. రబ్బరు కింద ఒక్క మెతుకు ఇరుక్కున్నా తిరుగు దారిలో కారుతుంది.

స్టీలు విషయంలో ఒక అపోహ. అయస్కాంతం అంటుకోకపోతే మేలు రకమని కొట్లో చూపిస్తారు. తుప్పు పట్టని స్టీలులో మేలైన 304 రకానికీ, నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చవక 202 రకానికీ అయస్కాంతం పెద్దగా అంటుకోదు, కాబట్టి ఆ పరీక్ష ఈ రెండింటినీ విడదీయలేదు. పైగా అసలు 304 అయినా వంపు తిరిగిన మూలల దగ్గర కొంచెం పట్టుకోవచ్చు. అడుగున 304 లేదా 18/8 (అదే రకానికి ఇంకో పేరు) అచ్చు, ఐఎస్ఐ గుర్తుతో ఐఎస్ 14756 (స్టీలు పాత్రల ప్రమాణం) నంబరు ఉన్నాయేమో చూడండి. చింతపండు, ఉప్పు తగిలిన డబ్బా రాత్రంతా కడగకుండా ఉంటే 202 మీద త్వరగా మచ్చలు, సన్నని గుంటలు పడతాయి.

ఇక ఎంత పెట్టాలన్నది. ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనానికి కేంద్రం పెట్టిన కొలత దీనికి చక్కటి ఆధారం: 1-5 తరగతుల పిల్లలకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు; మొత్తం 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. 6-8 తరగతులకు బియ్యం 150, పప్పు 30, కూరగాయలు 75, నూనె 7.5 గ్రాములు, 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్. వంద గ్రాముల బియ్యం వండితే 250-300 గ్రాముల అన్నం అవుతుంది. అంటే అయిదో తరగతి దాకా ఈ బాక్సు చాలు, ఆ పైన రెండు గిన్నెల క్యారేజీ మేలు. ఒకటో తరగతి పిల్లకు 60-70 గ్రాముల బియ్యంతో మొదలుపెట్టి, ఖాళీ డబ్బా వస్తూ ఉంటే పెంచండి.

చాలా ఇళ్లల్లో తప్పేది బియ్యం లెక్క కాదు, పక్క అర లెక్క. పెద్ద అర నిండా అన్నం, చిన్న అరలో నాలుగు బంగాళాదుంప ముక్కలు. పప్పు ఎక్కడ? ఇరవై గ్రాముల కందిపప్పు ఉడికితే మూడు నాలుగు చెంచాల ముద్దపప్పు. దాన్ని నెయ్యితో అన్నంలోనే కలిపేస్తే అర ఆదా, కారే బెడదా లేదు. పప్పు కుదరని రోజు ఉడికించిన గుడ్డు ఒకటి పెడితే సుమారు ఆరు గ్రాముల ప్రొటీన్, గుప్పెడు వేయించిన వేరుశనగలు పెడితే అయిదారు గ్రాములు. ఆకుకూర పప్పు పెట్టిన రోజు జామకాయ ముక్కలు జోడించండి, అందులోని సి విటమిన్ వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

పొద్దున ఏడింటికి సర్దింది పన్నెండున్నరకు తెరుచుకుంటుంది. పచ్చి కొబ్బరి చట్నీ మన ఎండలకు ఆగదు. ఇడ్లీకి కారప్పొడి, నెయ్యి రాసి పంపడమే క్షేమం. పెరుగన్నానికి అన్నం మెత్తగా మెదిపి, కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు పోసి, ఒక చెంచా పెరుగు వేస్తే భోజనం వేళకు సరిగ్గా తోడుకుంటుంది. పెరుగే ఎక్కువ వేస్తే అప్పటికి పులిసిపోతుంది. పులిహోర నిలవడం చింతపండు పుణ్యం. రాత్రి బయట వదిలేసిన అన్నాన్ని పొద్దున తాలింపు వేసి పంపకండి. అందులో పెరిగే సూక్ష్మజీవి వదిలే విషం వేడికి పోదు.

వేడి నిలిపే ఇన్సులేటెడ్ డబ్బా ఇంతకంటే మంచిదా అంటే, సాంబారన్నానికీ కిచిడీకీ అవును. మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, పారబోసి, వేడి వేడిగా నిండా సర్దితేనే దాని పని అది చేస్తుంది. సగమే నింపితే త్వరగా చల్లారుతుంది. పెరుగన్నం మాత్రం అందులో వద్దు, ఆ వెచ్చదనానికి తొందరగా పులుస్తుంది.

బాక్సు ఎంత మంచిదైనా తినడం పిల్లల చేతిలో ఉంది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల పని, ఎంత తినాలన్నది పిల్లల పని అని అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ గీసిన గీత ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. 'రేపు ఏం పెట్టను?' అని అడిగితే నూడుల్సే వస్తుంది. 'బెండకాయా, క్యారెట్టా?' అని అడగండి. కొత్త కూర ఒక్క చెంచా, తెలిసిన వాటి పక్కన పెట్టాలి. అది పదిసార్లు అలాగే తిరిగి రావడం మామూలే. చిన్న అరలో చాక్లెట్ లంచంగా పెడితే పెద్ద అరలోని అన్నం శిక్షగా మారుతుంది. తిరిగొచ్చిన డబ్బా చూసి తిట్టే బదులు, మిగిలింది ఏ అరలోదో, తడిసిందా ఎండిందా గమనించండి. సగం జవాబు అక్కడే ఉంటుంది. ఇక డబ్బు ఇచ్చి క్యాంటీన్‌కు పంపే ఇళ్లకు ఒక మాట: కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తిండి బడి లోపలా, గేటుకు 50 మీటర్ల లోపలా అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) 2020 నియమాల్లోనే ఉంది. తల్లిదండ్రుల సమావేశంలో అడగవచ్చు.

కడగడంలో ఒకటే శ్రమ. వారానికోసారి రబ్బరును చెంచా కాడతో ఊడదీసి, వంటసోడా కలిపిన వేణ్నీళ్లలో పావుగంట నానబెట్టి, పూర్తిగా ఆరాకే ఎక్కించాలి. లేకపోతే గాడిలో నల్ల బూజు పడుతుంది. పసుపు మరక ఎండలో పెడితే చాలావరకు పోతుంది. బట్టలకు వాడే బ్లీచు మాత్రం స్టీలుకు తగలనివ్వకండి. ముందుగా పాడయ్యేవి క్లిప్పుల కీళ్లు, తర్వాత రబ్బరు. విడి రబ్బరు, విడి మూత అమ్మే కంపెనీదైతే ఇంకో వంద ఎక్కువైనా అదే తీసుకోండి.