రెండు ఊళ్ల సమయంతో మూడు రోజులు: పెంబర్తి, రామప్ప, కరీంనగర్

డిసెంబరు చివరి వారంలో డల్లాస్ నుంచి వచ్చిన మా తమ్ముడి చేతికి ఒక స్విస్ గడియారం ఉంది. ఏళ్ల తరబడి కూడబెట్టి కొనుక్కున్నానని చెప్పి, "అన్నా, ముందు డయల్ చూడు" అంటూ దాన్ని విప్పి నా అరచేతిలో పెట్టాడు. మిల్లీమీటరు మందం కూడా లేని వెండి పలక మీద అల్లుకున్న ఒక తీగ, దాని ఆకులు, మొగ్గలు అన్నీ సన్నని ఉలితో చేత్తో తొలిచినవే. భూతద్దంలో చూస్తే ఏ రెండు ఆకులూ అచ్చంగా ఒకేలా లేవు. కోత దిగిన ప్రతి చోటా గాడి అంచు పదునుగా ఉండి వెలుగును ఒక్కో వైపుకు విసురుతోంది. అచ్చుతో ఒత్తిన డయళ్లలో ఆ అంచులు మొద్దుబారి కనిపిస్తాయి.

అతను ఈ గడియారాన్నే ఎంచుకోవడానికి ఇంకొక కారణం ఉంది. రెండు ప్రాంతాల సమయం చూపే గడియారాలలో చాలావాటికి నిమిషాల ముల్లు ఒక్కటే ఉంటుంది, రెండో గంటల ముల్లు గంట చొప్పున మాత్రమే జరుగుతుంది. గ్రీనిచ్ సమయానికి 5 గంటల 30 నిమిషాలు ముందుండే మన దేశానికి ఆ ఏర్పాటు సరిపోదు. డల్లాస్‌కూ మనకూ మధ్య తేడా చలికాలంలో 11 గంటల 30 నిమిషాలు, ఎండాకాలంలో 10 గంటల 30 నిమిషాలు కాబట్టి ఆ అరగంట ఎప్పుడూ మిగిలిపోతుంది. ఇతని గడియారంలో కింద ఉన్న చిన్న డయల్‌కు సొంతంగా నిమిషాల ముల్లు ఉంది, దాన్ని విడిగా తిప్పుకునే మరొక కీ కూడా ఉంది. పెద్ద ముళ్లు మన సమయాన్ని, చిన్నవి భార్యాబిడ్డలున్న ఊరి సమయాన్ని చూపుతాయి.

ఇంత ప్రేమగా చేతిపనిని కొనుక్కున్నవాడికి మన ప్రాంతపు చేతిపనిని దగ్గరగా చూపించాలని నాకు అనిపించింది. మేము పుట్టింది హనుమకొండలోనే అయినా ఇల్లు అమ్మి చాలా కాలమైంది, నేను ఉండేది హైదరాబాదులో. అందువల్ల కారు మాట్లాడుకుని మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నాం.

హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్లే దారిలో జనగామకు కొద్దిగా ముందు పెంబర్తి వస్తుంది. రోడ్డు పక్క దుకాణాలలో కొనుక్కుని వెళ్లిపోయేవారే ఎక్కువ, కానీ ఊళ్లోకి వెళ్లి పని జరుగుతుండగా చూడకపోతే ఆ ఇత్తడి వస్తువు విలువ తెలియదని నా అభిప్రాయం. మేము వెళ్లిన ఇంటి వరండాలో ఒక పెద్దాయన ఇత్తడి రేకును లక్క మీద అతికించి, చిన్న సుత్తితో ఉలి మీద తడుతూ హంస మెడను తీరుస్తున్నారు. దెబ్బ పడినప్పుడల్లా కింద ఉన్న లక్క కొద్దిగా లొంగుతుంది, రేకు చిరగకుండా ఆకారం తీసుకుంటుంది. లోహం గట్టిపడితే మళ్లీ వేడి చేసి మెత్తబరుస్తారు. తమ్ముడు గడియారం చూపించగానే ఆయన పని ఆపి, చేతులు తుడుచుకుని, దాన్ని చాలాసేపు వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది తీసే పని బాబూ, మాది లేపే పని" అన్నారు. గడియారం డయల్ మీద ఉలి లోహాన్ని సన్నని పోగుగా చెక్కి బయటికి తీసేస్తుంది, పెంబర్తిలో రేకును వెనుక నుంచీ ముందు నుంచీ తట్టి ఉబ్బెత్తుగా తెస్తారు. నేను ఇంతకాలం రెండింటినీ నగిషీ అన్న ఒక్క మాటతోనే పిలుస్తూ వచ్చాను. పెంబర్తికి సగం రోజు కేటాయించండి, ఉదయమే వెళ్లండి, ఫొటో తీసే ముందు అడగండి.

ఆ రాత్రి హనుమకొండలో ఒక పెద్ద హోటల్‌లో దిగాం. గది శుభ్రంగా ఉంది, భోజనం బాగుంది, సర్వపిండి అడిగితే మరుసటి రోజు ఉదయం చేయించి పెట్టారు. మంచం పక్క బల్లలో పాటలు వినే స్పీకరును బిగించి, దాని మీదే ఫోను పెట్టుకునే స్థలం ఏర్పాటు చేశారు. తమ్ముడు తెలియక గడియారాన్ని రాత్రంతా దాని మీదే ఉంచాడు. అలాంటి చోట గడియారాలకు పడని అయస్కాంతం ఉందని చిన్న కాగితం అంటించడం హోటల్‌వారికి పెద్ద పని కాదు.

రెండో రోజు ఉదయం వేయిస్తంభాల గుడి చూసుకుని, రామప్ప గుడి ఉన్న పాలంపేటకు బయలుదేరాం. రామప్ప గుడికి ఎన్నిసార్లు వెళ్లినా నాకు తనివి తీరదు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఏటవాలు ఎండ పడే వేళకు చేరుకుంటే పైకప్పు అంచుల కింది నల్లరాతి మదనికల, అంటే స్త్రీ శిల్పాల, మెడలోని హారాలు పూసపూసగా కనిపిస్తాయి. అంత గట్టి రాయి మీద అంత సన్నని పని చేసిన చేతులకు భూతద్దం లేదు, సూక్ష్మదర్శిని లేదు. గైడును తప్పకుండా పెట్టుకోండి. మాకు దొరికిన యువకుడు నీటిలో తేలే ఇటుకల గురించీ, పునాదిలో పోసిన ఇసుక గురించీ తొందరపడకుండా, కల్పనలు చేర్చకుండా చెప్పాడు.

మండపంలో కూర్చున్నప్పుడు తమ్ముడు మధ్యాహ్న సూర్యుడి గురించి అడిగాడు. మన దేశ సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం, పాలంపేట దాదాపు 80 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన, ఆ చివరి వారంలో ఇక్కడ సూర్యుడు ఆ రోజుకు అన్నిటికంటే ఎత్తుకు చేరేసరికి గడియారంలో 12 దాటి సుమారు 10 నిమిషాలవుతుంది. ఆ లెక్క సరిచూద్దామని ఫోను తీస్తే, గడియారం 3 నిమిషాలు ముందుకు పోయిందని తేలింది. రెండు డయళ్లకూ నడిచే యంత్రం ఒక్కటే కాబట్టి డల్లాస్ సమయమూ సరిగ్గా అంతే తప్పింది. అతని ముఖం చూస్తే నాకే బాధ వేసింది. హైదరాబాదులోని ఒక సర్వీసు కేంద్రానికి ఫోను చేస్తే, ఏమైందని కూడా అడగకుండా, మూడు వారాలు వదిలి వెళ్లాలన్నారు.

ఆ రాత్రి లక్నవరంలో ఉన్నాం. చెరువు మీది వేలాడే వంతెన, తెల్లవారుజామున నీటి మీది మంచు చాలా బాగున్నాయి, సెలవుల రద్దీలో వేడినీళ్ల కోసం మాత్రం గంటసేపు ఎదురుచూడాల్సి వచ్చింది. పిల్లలతో వెళ్లేవారు వారాంతం కాని రోజులు చూసుకోవడం మేలు.

మూడో రోజు హనుమకొండ చౌరస్తాలో, ఒక మనిషి మాత్రమే పట్టే గడియారాల దుకాణం ముందు ఆగాం. దుకాణదారు ఒక చిన్న దిక్సూచిని గడియారం పక్కన పెట్టగానే సూది గిర్రున తిరిగింది. "అయస్కాంతం పట్టింది సార్. లోపల నడక వేగాన్ని అదుపు చేసే సన్నని హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటున్నయ్, అందుకే ఉరుకుతుంది" అన్నారు. అరచేయంత యంత్రం మీద గడియారాన్ని పెట్టి, మీట నొక్కి, మెల్లగా పైకి లేపారు. మళ్లీ దిక్సూచి పెడితే సూది కదలలేదు. వెనుక మూత విప్పి చూస్తారా అని తమ్ముడు అడిగితే, ఇంత ఖరీదైనదాన్ని తాను విప్పనని, నాలుగైదేళ్లకోసారి తయారుచేసిన కంపెనీవారి చేతనే నూనె వేయించాలని చెప్పారు. వంద రూపాయలు తీసుకున్నారు. తన పని ఎంతవరకో తెలిసిన మనిషి చేతికి వస్తువును ఇవ్వడంలో ఉన్న నిశ్చింత నాకు మరెక్కడా దొరకలేదు.

కరీంనగర్‌లో వెండి తీగ పని చూడడానికి మధ్యాహ్నం పట్టింది. జంతరు అనే చిల్లుల పలకలో లాగిన సన్నని తీగలు రెండింటిని పురిపెట్టి, నొక్కి చదును చేసి, వాటిని ఆకులుగా, చుట్టలుగా వంచి చట్రంలో పేర్చి అతుకుతారు. ఇది తీసే పనీ కాదు, లేపే పనీ కాదు, అల్లే పని. ధర అడిగేటప్పుడు వెండి తూకం ఎంత, మజూరీ ఎంత అని విడివిడిగా అడగండి. మేము వెళ్లిన దుకాణంలో రెండూ కాగితం మీద రాసి ఇచ్చారు. తమ్ముడు గడియారం పట్టేంత పెట్టె ఒకటి తీసుకుని, లోపల మఖమల్ వేయించాడు.

రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాదు చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. పెద్ద డయల్‌లో ఎనిమిది, చిన్న డయల్‌లో ఎనిమిదిన్నర. అవతల పాప అప్పుడే పాలు తాగుతోంది. తమ్ముడు గడియారాన్ని పెట్టెలో పెట్టి, మూత తెరిచి ఫోనులో చూపిస్తే, పాప ముందు ఆ పెట్టె నాకే అంది.