కోరంగి మడ అడవి ట్రిప్ అని వాట్సాప్‌లో ప్యాకేజీ అమ్మేవాళ్లకు ముందే డబ్బు కట్టకండి

రాజమండ్రి, కాకినాడ ఫ్యామిలీ గ్రూపుల్లో ఈ మధ్య ఒక పోస్టర్ తెగ తిరుగుతోంది. మడ అడవిలో నడక, లైట్‌హౌస్ దాకా బోటు, గైడు, మధ్యాహ్నం గోదారి భోజనం, అన్నీ కలిపి తలకి 1,200. పిల్లలు, అత్తయ్యగారు కలిపి ఐదుగురం వెళ్లాం. మొత్తం ముందే పంపితేనే వ్యాన్‌లో సీటు అన్నాడు ప్యాకేజీ అమ్మిన ఏజెంటు, పంపేశాం.

గేటు దగ్గర దిగగానే మొదటి షాక్. "టికెట్లు మీరే తీసుకోండి సార్, అది ప్యాకేజీలో రాదు" అన్నాడు వ్యాన్ డ్రైవర్. పోస్టర్ తీసి చూపిస్తే ఆఫీసుకి ఫోన్ చేయమన్నాడు, ఆ ఫోన్ ఎత్తేవాడు లేడు.

అసలు మోసం బోటు దగ్గర. జెట్టీకి వెళ్లేసరికి కాలువలో నీళ్లు దిగిపోయి రెండు పక్కలా బురద తేలి ఉంది. బోటతను మర్యాదగానే చెప్పాడు, "పాటు మీదుందండి, నాలుగు దాటితేగానీ బోటు కదలదు" అని. ఆయన తప్పేం లేదు. సముద్రపు పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ఎక్కిన నీరు దిగడానికి (అదే పాటు) దాదాపు ఆరు గంటలు, మళ్లీ ఎక్కడానికి అంతే, పైగా ఆ వేళ రోజూ ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతుంది, అమావాస్య పౌర్ణమి రోజుల్లో నీటి ఎత్తులో తేడా ఇంకా ఎక్కువ. ఈ సంగతి అక్కడ వేటకెళ్లే ప్రతివాళ్లకీ తెలుసు. రోజూ జనాన్ని తోలుకొచ్చే ఏజెంటుకి తెలియదా? తెలుసు. వాడి వ్యాన్ సాయంత్రం ఇంకో ట్రిప్ కొట్టాలి కాబట్టి పోటు ఎప్పుడున్నా అందర్నీ పదకొండింటికే దింపుతాడు. రెండింటికల్లా వెనక్కి ఎక్కమని హారన్ కొడుతుంటే ఇంక లైట్‌హౌస్ ఎక్కడిది!

గైడు గురించి చెప్పకపోతే పాపం. బురదలోంచి పెన్సిళ్లలా నిటారుగా లేచి ఉన్న వేళ్లను చూపించి మా పాప ఏంటవి అనడిగితే "నరికేసిన మొక్కలమ్మా" అన్నాడు. అవి మడ చెట్ల శ్వాస వేళ్లు, ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వాటితోనే ఊపిరి పీల్చుకుంటుంది. తర్వాత పాపే చెక్క వంతెన మీద వంగి బురదలో గెంతే బుల్లి చేపల్ని, ఒక కాలు మాత్రం ఇంత లావున్న పీతల్ని వెతికి మాకు చూపించింది. గైడుగారు ఫోన్ చూసుకుంటున్నారు. భోజనం అంటే పులిహోర పొట్లం, ఒక అరటిపండు.

చోటు మాత్రం బంగారం, దాన్ని తప్పు పట్టడం లేదు. 1978 నుంచి అభయారణ్యం, కాకినాడ నుంచి యానాం రోడ్డు మీద అరగంట, బస్సులూ ఆటోలూ బోలెడు. నడక మొత్తం చెక్క వంతెన మీదే, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారే ఆగుతూ ఆగుతూ చివరిదాకా వచ్చారు. దీనికి ఏజెంటు ఎందుకు? గేటు దగ్గర టికెట్ మీరే కొనుక్కోవచ్చు, బోటు కావాలంటే ముందురోజు కాకినాడ పోటు వేళలు నెట్‌లో చూసుకుని, నీరు ఎక్కే టైముకి వెళ్లి జెట్టీలోనే మాట్లాడుకోండి. నీళ్ల సీసాలు, టోపీలు తీసుకెళ్లండి, వంతెన నీడ దాటితే ఉక్క మామూలుగా ఉండదు.

డబ్బు వెనక్కి అడిగితే "వచ్చే నెల ట్రిప్‌లో సర్దుతాం మేడమ్" అన్నాడు, గట్టిగా అడిగేసరికి బ్లాక్ చేశాడు. పోస్టర్, పేమెంట్ స్క్రీన్‌షాట్, చాట్ అన్నీ దాచి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఇదే పోస్టర్‌కి కట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే మీరూ పెట్టండి, చాట్‌లు మాత్రం డిలీట్ చేయకండి. నిన్న మా పిన్ని వాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే పోస్టర్ వచ్చిందట, ఈసారి వేరే నంబరుతో, తలకి 1,500.