డిచ్ నీళ్ల హక్కు: కౌంటీ రికార్డులు చూడాలా, కంపెనీ రిజిస్టర్ చూడాలా?

కొలరాడోలో అర ఎకరమో ఎకరమో స్థలం ఉన్న ఇల్లు చూస్తున్న మనవాళ్లు అడిగేది ఒకటే. "లిస్టింగ్‌లో డిచ్ వాటర్ ఉందని రాశారండీ, నిజమో కాదో ఎక్కడ చూడాలి?" డిచ్ అంటే ఇక్కడి సాగునీటి కాలువ. పోయినేడు మేం ఇల్లు కొన్నప్పటి నుంచి ఈ ప్రశ్నకి ఫోన్లో జవాబు చెప్పీ చెప్పీ అలిసిపోయి ఇది రాస్తున్నాను.

మనకి అలవాటైన లెక్క ఇక్కడ పనిచేయదు. డెల్టాలో పొలం కొనేటప్పుడు ఆయకట్టులో ఉందా లేదా అని అడుగుతాం, ఉంటే కాలువ నీళ్లు పొలంతోనే వస్తాయి. కొలరాడోలో నీటి హక్కు విడిగా ఒక ఆస్తి. నేల మీకు అమ్మి, నీళ్లు ఇంకొకరికి అమ్ముకోవచ్చు. కాలువ ఒక డిచ్ కంపెనీదైతే, అందులో నీటి వాటా ఆ కంపెనీ షేర్ రూపంలో ఉంటుంది. ఇళ్లు పెరిగిన చోట్ల పట్టణాలే వచ్చి షేర్లు కొనేసుకున్నాయి. మేం చూసిన మొదటి ఇంటి వెనక చక్కటి హెడ్‌గేట్ (నీళ్లు వదిలే తలుపు) ఉంది, చక్రానికి ఆకుపచ్చ రంగు కూడా వేశారు. దాని కింద కాలువలో మోకాలెత్తు గడ్డి. నీళ్లు ఎప్పుడో అమ్మేశారట, గేటు మాత్రం మిగిలింది.

చాలామంది ముందు కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డులకే పోతారు. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కాబట్టి నేనూ రెండు వారాంతాలు వాటి మీదే కూర్చున్నాను. పాత డీడ్‌లు (అమ్మకం దస్తావేజులు) ఒక్కొక్కటీ వెనక్కి తిరగేస్తే "సమస్త నీటి, డిచ్ హక్కులతో సహా" అన్న మాట ప్రతిదాంట్లో కనిపించింది. చూసి సంబరపడ్డాను. ఆ మాటకి అర్థం, అమ్మినవాడి దగ్గర ఏదుంటే అది ఇచ్చాడని మాత్రమే. ఏమీ లేకపోతే ఏమీ ఇవ్వనట్టే. నీళ్లకి తరచూ క్విట్‌క్లెయిమ్ డీడ్ రాస్తారు. అంటే "నాకేమైనా ఉంటే అది నీది" అన్నమాట, ఉందని హామీ లేదు. పైగా షేర్లు చాలాసార్లు సర్టిఫికెట్ వెనక సంతకంతో చేతులు మారతాయి, ఆ సంగతి కౌంటీ దాకా రాకపోవచ్చు.

అయినా కౌంటీని పూర్తిగా కొట్టిపారేయలేం. మధ్యలో డిచ్ కంపెనీ లేకుండా, కోర్టు డిక్రీతో నేరుగా ఒకరి పేరున ఉన్న హక్కయితే డీడ్‌ల వరసే ఆధారం. పాత యజమాని ఎవరైనా "నీళ్లు నాకే ఉంచుకుంటున్నాను" అని రాసుకున్నా అక్కడే బయటపడుతుంది.

ఇళ్ల స్థలాలకి మాత్రం సాధారణంగా వచ్చేది కంపెనీ షేరే. కాబట్టి నా ఓటు కంపెనీ రిజిస్టర్‌కే. చాలా కంపెనీల్లో సెక్రటరీ ఒక్కరే, అదీ పార్ట్‌టైమ్. మెసేజ్ పెట్టి ఊరుకుంటే లాభం లేదు, మళ్లీ మళ్లీ ఫోన్ చేయాలి. నాకు మూడో రోజు ఫోనెత్తిన పెద్దావిడ అడ్రస్ అడగనే లేదు. "సర్టిఫికెట్ నంబర్ చెప్పు, లేదా అమ్మేవాళ్ల పేరు చెప్పు" అంది. ఆ రిజిస్టర్లో ఇళ్లుండవు, మనుషులుంటారు. లిస్టింగ్‌లో ఒక షేర్ అన్నారు, ఆవిడ పుస్తకంలో అర షేరే ఉంది. మిగతా సగం పాత యజమాని పక్కింటికి అమ్మేశాడు. ఉన్న అర షేర్ సర్టిఫికెట్ కూడా బ్యాంకు దగ్గర తాకట్టులో ఉంది. ఇవేవీ నేను తిరగేసిన డీడ్‌లలో లేవు. ఆ ఏటి అసెస్‌మెంట్ (షేర్ ఉన్నవాళ్లు కంపెనీకి ఏటా కట్టేది) బాకీ ఉందని కూడా అప్పుడే తెలిసింది. రేటు తగ్గించమని అడగడానికి ఆ ఒక్క ఫోన్ కాల్ చాలింది. క్లోజింగ్ (కొనుగోలు పూర్తయ్యే) రోజున సంతకం పెట్టిన సర్టిఫికెట్ చేతికి రావాలని కాంట్రాక్ట్‌లో రాయించాం. కొన్ని కాలనీల్లో షేర్లు ఇళ్ల యజమానుల సంఘం, అంటే హెచ్‌ఓఏ పేరున ఉంటాయి. అలాంటప్పుడు మీకు దక్కేది వాడకమే, షేర్ కాదు.

రాష్ట్ర జలవనరుల శాఖ వెబ్‌సైట్‌లో షేర్ ఎవరిదో దొరకదు. డిచ్ సంగతి మాత్రం దొరుకుతుంది: హక్కు ఏ సంవత్సరంది, ఎన్ని క్యూసెక్కులకి, అంటే సీఎఫ్‌ఎస్‌కి డిక్రీ ఉంది, ఏటా ఎంత తీసుకున్నారు. ముందు వాడుకున్నవాడికే ముందు హక్కు అన్నది 1876 నాటి రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. కాబట్టి నది తగ్గినప్పుడు 1860ల నాటి హక్కున్న డిచ్ పారుతుంటే, తర్వాత వచ్చిన డిచ్ గేటు మూసుకోవాల్సి వస్తుంది. షేర్ మీదేనని తేలాక, దాని విలువెంతో చూడటానికి ఇది పనికొస్తుంది.

టైటిల్ పాలసీని (ఇంటి హక్కుకి చేసే బీమాని) నమ్ముకోకండి, మామూలుగా నీటి హక్కుల్ని మినహాయించేస్తారు. రియల్టర్ మాట విన్నంత వరకే. డిక్రీ హక్కయితే నీటి లాయర్‌కి ఇచ్చే ఫీజు దండగ కాదు.

సెక్రటరీ ఫోన్లో దొరికినప్పుడే ఇంకో రెండు ప్రశ్నలు అడిగేయండి. మెయిన్ డిచ్ నుంచి మీ పెరటిదాకా వచ్చే పిల్లకాలువ, అంటే లాటరల్‌ని ఎవరు బాగుచేస్తారు? పోయినేడు నీళ్లు ఏ నెలలో ఆగిపోయాయి? మా దాంట్లో ఆగస్టు రెండో వారంలోనే ఆగాయట. టమాటా మొక్కలు పెట్టాక తెలిసింది నాకు.