సీ డ్రైవ్ నిండిపోతే: విజ్‌ట్రీ, జీపార్టెడ్‌లతో నా నాలుగేళ్ళు

2021 అక్టోబరులో ఒక సాయంత్రం. పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయి నా పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. మర్నాడు థీసిస్ బైండింగుకి ఇవ్వాలి. మూడొందల పేజీల తెలుగు ఫైలు. చివరి అధ్యాయంలో తప్పులన్నీ దిద్ది సేవ్ కొడితే, డిస్కులో చోటు లేదని మెసేజ్. చూస్తే సీ డ్రైవ్ గీత ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఎర్రగా ఉంది. "ఏమయిందక్కా?" అంది ఆ అమ్మాయి. "ఏం కాలేదమ్మా" అన్నాను గానీ చేతులు వణుకుతున్నాయి. రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, ఫైలును డీ డ్రైవ్‌లోకి సేవ్ చేసి ఆ రాత్రికి గట్టెక్కాం.

చేతులు వణకడానికి కారణం ఉంది. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లోనే డీటీపీ పనులు చేస్తాను. లాప్‌టాప్ 2018లో కొన్నది. ఒక టీబీ హార్డ్‌డిస్క్, 8 జీబీ ర్యామ్. కొన్నచోటే డిస్కును మూడు ముక్కలు చేసి ఇచ్చారు. విండోస్ ఉండే సీకి 100 జీబీ, మిగతాదంతా డీ, ఈ. సీ ఫార్మాట్ చేయాల్సి వచ్చినా మన ఫైళ్ళు డీలో భద్రంగా ఉంటాయని అప్పట్లో చాలామంది అలాగే చేయించుకునేవాళ్ళు. రెండేళ్ళకే సీ నిండింది. రిపేరుకిస్తే, పార్టిషన్లన్నీ (డిస్కు ముక్కల్ని అలా అంటారు) తీసేసి, మళ్ళీ అలాగే ముక్కలు చేసి కొత్తగా విండోస్ ఎక్కించి ఇచ్చారు. డీలో ఉన్నవీ పోయాయి. కస్టమర్ల ఫైళ్ళు కొన్ని మళ్ళీ టైపు చేసుకున్నాను. 2019 గంగమ్మ జాతరలో మా తమ్ముడి కొడుకు మొదటిసారి బైరాగి వేషం వేసిన వీడియో మాత్రం రాలేదు. ఒళ్ళంతా నామకొమ్ము పూసుకుని, ఐదేళ్ళ పిల్లాడు, కెమెరా వైపు బెదురుగా చూస్తూ నడిచొస్తాడు. ఇప్పటికీ ఆ నడక కళ్ళ ముందు ఉంటుంది.

అందుకే థీసిస్ రోజు తర్వాత ఎవరికీ ఇవ్వకుండా నేనే నేర్చుకోవాలనుకున్నాను. అప్పటి నుంచి వాడుతున్న రెండు ఉచిత సాఫ్ట్‌వేర్ల గురించే ఇదంతా.

మొదటిది విజ్‌ట్రీ. సొంత వాడకానికి డబ్బు కట్టక్కర్లేదు. ఏ ఫైలు ఎక్కడుందో, ఎంతుందో విండోస్ రాసుకునే మాస్టర్ ఫైల్ టేబుల్‌ను ఇది నేరుగా చదువుతుంది. అందుకే నా పాత డిస్కులో కూడా నిమిషం లోపే లెక్క తేల్చేస్తుంది. కింద రంగురంగుల గళ్ళు వస్తాయి. గడి ఎంత పెద్దదైతే ఫైలు అంత పెద్దదన్నమాట. మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. డౌన్‌లోడ్స్‌లోనే 22 జీబీ! కస్టమర్లు వాట్సాప్‌లో పంపిన పెళ్ళి ఫోటోలు, పత్రికల డిజైన్లు, ఒకే పీడీఎఫ్ నాలుగైదు కాపీలు. డౌన్‌లోడ్స్ ప్రాపర్టీస్‌లో లొకేషన్ మార్చి ఆ ఫోల్డర్‌ను డీలోకి పంపేశాను. లాప్‌టాప్ ఆపేటప్పుడు తెరిచి ఉన్న పనిని విండోస్ దాచుకునే హైబర్నేషన్ ఫైలు మూడు జీబీల పైనే ఉంది. అది మామూలుగా ర్యామ్‌లో 40 శాతం దాకా ఉంటుంది. చిత్తూరు నుంచి తమ్ముడు ఫోన్లో చెప్తుంటే అక్షరం అక్షరం కమాండ్ కొట్టి దాన్ని ఆపేశాను. ఎంటర్ కొట్టగానే ఆ మూడు జీబీలూ ఖాళీ.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. విజ్‌ట్రీ అన్నీ చూపిస్తుంది, ఏది తీయొచ్చో ఏది తీయకూడదో మాత్రం చెప్పదు. విండోస్ ఫోల్డర్ లోపల విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్, ఇన్‌స్టాలర్ అని రెండు లావుపాటి ఫోల్డర్లు కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్ళొద్దు. సిస్టమ్ ఫైళ్ళు తగ్గించాలంటే విండోస్‌లోనే ఉన్న డిస్క్ క్లీనప్ చాలు.

ఇంత చేసినా సీకి 100 జీబీ చాలదని ఆ నెలలోనే అర్థమైంది. డీని 100 జీబీ మేర కుదించాను. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ పని బాగానే అయింది. తీరా సీని పెంచబోతే ఎక్స్‌టెండ్ బటన్ మసకగా ఉండిపోయింది, నొక్కుడు పడలేదు. మన ఇల్లు పెంచాలంటే గోడ పక్క స్థలం కావాలి గానీ వీధి చివర స్థలం ఉండి ఏం లాభం? సీకి ఆనుకుని కుడివైపు ఉన్న ఖాళీనే విండోస్ కలుపుతుంది. నా ఖాళీ డీకి అవతల వచ్చింది. పైగా సీకి, డీకి మధ్య చిన్న రికవరీ పార్టిషన్ అడ్డం.

అక్కడ అక్కరకొచ్చింది రెండోది, పార్టిషన్లను జరిపి, పెంచే జీపార్టెడ్. దాన్ని రూఫస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, లాప్‌టాప్‌ను ఆ పెన్‌డ్రైవ్ నుంచే ఆన్ చేయాలి. నవంబరంతా తిరుపతిని వానలు ముంచెత్తాయి, కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఆగి, డిసెంబరులో చేశాను. ముందు బయటి హార్డ్‌డిస్క్ ఒకటి కొని అన్నీ కాపీ చేశాను, కాపీ అయిన ఫైళ్ళు నాలుగైదు తెరిచి చూసుకున్నాను కూడా. జీపార్టెడ్ తెరవగానే సీ పక్కన పసుపు త్రికోణం కనిపించింది. ఫాస్ట్ స్టార్టప్, హైబర్నేషన్ ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, అలాంటి డ్రైవ్‌ను ఇది ముట్టుకోదు. హైబర్నేషన్ నేను ఆపేసిందే, కానీ ఏదో అప్‌డేట్ తర్వాత మళ్ళీ ఆన్ అయినట్టుంది. మళ్ళీ ఆపి వచ్చాను. డీని కుడికి జరపడం, రికవరీని కుడికి జరపడం, ఆ తర్వాత సీని పెంచడం. మూడు పనులూ కింద జాబితాలో వరసగా నిలబడ్డాయి. పైనున్న ఆకుపచ్చ టిక్కు నొక్కేదాకా డిస్కులో ఏమీ మారదు. నొక్కాక మాత్రం మధ్యలో ఆపకూడదు, ఆపితే ఆ పార్టిషన్‌లో ఉన్నవి పోవచ్చు.

రాత్రి తొమ్మిదికి నొక్కాను. ఛార్జర్ పెట్టి, ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకే తగిలించాను. హార్డ్‌డిస్క్ గరగరమంటూనే ఉంది. "నువ్వు పడుకో, నేను చూస్తుంటాను" అన్నారు మా ఆయన, పది నిమిషాలకే ఆయనే నిద్రపోయారు. నాకు టెన్షన్‌తో నిద్ర రాలేదు. మూడు దాటాక పని పూర్తయినట్టు కనిపించింది. విండోస్ తెరుచుకుని సీ 200 జీబీ అని కనబడ్డప్పుడు కలిగిన నిశ్చింత ఇంతా అంతా కాదు.

ఈ నాలుగేళ్ళలో జీపార్టెడ్ వాడింది రెండేసార్లు. రెండోది మా తోడికోడలి లాప్‌టాప్‌కి. అందులో డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంది, అలా లాక్ అయి ఉన్న డ్రైవ్‌ను జీపార్టెడ్ పెంచలేదు. రికవరీ కీ రాసి పెట్టుకుని, ఎన్‌క్రిప్షన్ మొత్తం తీసేదాకా ఆగాల్సి వచ్చింది. విజ్‌ట్రీ మాత్రం ప్రతి నెలా తెరుస్తాను. విజ్‌ట్రీకి నేను పదికి తొమ్మిది ఇస్తాను. జీపార్టెడ్ చేసే పనికి పదికి పది ఇవ్వొచ్చు, కానీ బ్యాకప్ లేనివాళ్ళకు నేను దాని పేరు కూడా చెప్పను.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోతుందని తెలిసి, ఆ ముందు నెలలో విండోస్ 11కి మారాను. సీలో చోటుంది కాబట్టి ఇబ్బంది పడలేదు. పాత విండోస్ మొత్తం విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉండిపోయింది, వెనక్కి వెళ్ళాలనుకుంటే పది రోజుల గడువు. నా ఫాంట్లు, ప్రింటరు అన్నీ పనిచేస్తున్నాయని చూసుకుని వదిలేశాను, గడువు దాటాక అదే పోయింది. ఇప్పుడు సీలో 70 జీబీ ఖాళీ.

బైరాగి వేషం వీడియో మా మరదలి పాత ఫోన్లో, వాట్సాప్‌లో పంపిన చిన్న సైజుది దొరికింది. బొమ్మ కొంచెం మసకగా ఉంది గానీ ఆ నడక అదే. డీలో ఒకటి, బయటి డిస్కులో ఒకటి పెట్టాను. చిత్తూరులో తమ్ముడి దగ్గర ఇంకొకటి ఉంది.