ఐఫోన్ హెల్త్ యాప్‌లో నడక కొలతలు: పెద్దలున్న ఇంటికి ఎంతవరకు పనికొస్తాయి?

ఐఫోన్‌లోని హెల్త్ యాప్‌ను చాలామంది అడుగుల లెక్కకే వాడుతుంటారు గానీ, వయసు మళ్లినవారి విషయంలో అంతకంటే విలువైనది అందులోని నడక వేగం. ఫోన్‌ను నడుము దగ్గర ఉంచుకొని చదునైన నేల మీద నడిస్తే వేగం, అడుగు పొడవు, రెండు పాదాలూ ఒకేసారి నేలకు ఆనే సమయం వాటంతటవే నమోదవుతాయి. 2021లో వచ్చిన ఐఓఎస్ 15 (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి నడక నిలకడను కూడా ఈ యాప్ అంచనా వేస్తోంది.

నడక కాళ్ల పని మాత్రమే కాదు. దారిని గమనిస్తూ, ధ్యాస చెదరకుండా అడుగును సరిచేసుకోవడంలో మెదడు పాత్ర చాలా ఉంది. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా క్షీణించే స్థితి) లేని పెద్దల్లో నెమ్మదించిన నడక, మతిమరుపు ఫిర్యాదు రెండూ కలిసి కనిపిస్తే తర్వాత డిమెన్షియా వచ్చే అవకాశం ఎక్కువని న్యూయార్క్‌లోని న్యూరాలజిస్టు (మెదడు, నరాల వైద్యుడు) జో వర్గీస్ బృందం 2013లో చూపింది. ఏటా కొద్దికొద్దిగా తగ్గే వేగం రోజూ చూసే ఇంటివాళ్ల కంటికి ఆనదు కాబట్టి, ఈ యాప్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఏడాది గ్రాఫ్.

అయితే నడక నిలకడ తగ్గినప్పుడు యాప్ ఇచ్చే హెచ్చరిక పడిపోయే ప్రమాదం గురించే తప్ప డిమెన్షియా గురించి కాదు. మోకాళ్ల అరుగుదల, బి12 లోపం, పార్కిన్సన్స్, కొన్ని మందులు కూడా నడకను నెమ్మదింపజేస్తాయి. మెదడులో నీరు చేరి, పాదాలు నేలకు అతుక్కున్నట్టు నడక మారి, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు తోడయ్యే జబ్బు ఒకటుంది, దాని పేరు నార్మల్ ప్రెజర్ హైడ్రోసెఫలస్. సకాలంలో గుర్తిస్తే షంట్ (ఆ నీటిని బయటికి మళ్లించే సన్నని గొట్టం) అమర్చే శస్త్రచికిత్సతో చాలామందికి నడక మెరుగుపడుతుంది. నడకలో మార్పును వయసు మీదికి నెట్టి ఊరుకోకూడదని నేను గట్టిగా అనడానికి ఈ జబ్బొక్కటే చాలు.

మన పెద్దలకు ఈ సౌకర్యం పూర్తిగా అందదన్నదే నా ప్రధాన అభ్యంతరం. పంచె కట్టుకొని ఫోన్‌ను చొక్కా పైజేబులో పెట్టుకునే తాతగారికీ, చీర కట్టుకొని దాన్ని చేతిసంచిలో వేసుకునే అమ్మమ్మగారికీ కొలతలు సరిగా రావు. మాట్లాడించగానే నడక ఆగిపోవడం వంటి ముఖ్యమైన మార్పును కూడా ఇంట్లోవాళ్లే గమనించాలి.

దీనికోసమే కొత్తగా ఐఫోన్ కొనమని నేను చెప్పను. ఇప్పటికే ఉంటే ఎత్తు, బరువు సరిగా నమోదు చేసి, ఏడాది గ్రాఫ్‌ను న్యూరాలజిస్టుకు చూపించండి. లేనివారు వరండాలో 4 మీటర్లు కొలిచి, మామూలుగా నడవమని సమయం చూడవచ్చు. 5 సెకన్లు దాటితే అది నెమ్మది నడక కిందికే వస్తుంది, దానికి మతిమరుపు తోడైతే వైద్యుడికి చూపించడం ఆలస్యం చేయవద్దు.